రక్తపరీక్షలో పాజిటివ్ వస్తే ఆ తిండి మానేయాల్సిందేనా?

వేకువ: మా బాబుకి మూడేళ్లు. ఎగ్జిమా (దురదతో చర్మం ఎర్రబడి పొడిబారే జబ్బు) తగ్గట్లేదని ఫుడ్ అలర్జీ రక్తపరీక్ష చేయించాం. పాలు, గుడ్డు, గోధుమ, వేరుశనగ అన్నీ పాజిటివ్. వేరుశనగ ఇంకా పెట్టలేదు గానీ మిగతా మూడూ రోజూ తింటాడు, ఎప్పుడూ ఏమీ కాలేదు. ఇంట్లో అందరూ అన్నీ ఆపేయమంటున్నారు. రిపోర్టుని నమ్మాలా, కళ్లారా చూసిందాన్ని నమ్మాలా?

నీలిమేఘం: రిపోర్టునే నమ్మండి. మా పాపకి వేరుశనగ తిన్న పది నిమిషాల్లో పెదాలు వాచాయి, ఊపిరందలేదు. తర్వాత పరీక్షలో ఐజీఈ (అలర్జీకి సంబంధించిన యాంటీబాడీ) బాగా ఎక్కువ వచ్చింది. అదేదో ముందే చేయించి ఉంటే ఆ రాత్రి మాకు తప్పేది.

చిగురు: నీలిమేఘం గారూ, మీరు పడ్డ భయం అర్థమవుతోంది. కానీ మీ పాపకి ముందు రియాక్షన్ వచ్చింది, తర్వాత పరీక్ష జరిగింది. ఆ అంకెకి బలం అక్కడినుంచే వచ్చింది. ఏ లక్షణమూ లేకుండా పది పదార్థాలకి ఒకేసారి చేయిస్తే అదే పరీక్ష దారి తప్పిస్తుంది.

ఐజీఈ ఉండటం వేరు, అలర్జీ ఉండటం వేరు. రక్తంలో ఆ యాంటీబాడీ కనిపిస్తే శరీరం ఆ పదార్థాన్ని గుర్తుపట్టిందనే అర్థం. తింటే ఒళ్లు ఎదురుతిరుగుతుందో లేదో అది చెప్పదు. గడ్డి పుప్పొడి పడనివాళ్లలో చాలామందికి గోధుమ పాజిటివ్ వస్తుంది, అయినా హాయిగా తింటారు. చాలా ల్యాబుల్లో లీటరుకు 0.35 కిలోయూనిట్లు దాటితే పాజిటివ్ అని రాసేస్తారు. పిల్లల మీద జరిగిన అధ్యయనాల్లో వేరుశనగకి 15 దగ్గరికి వెళ్తేగానీ అది నిజమైన అలర్జీయేనని 95 శాతం నమ్మకం కుదరలేదు. 0.6కీ 60కీ రిపోర్టులో ఒకటే మాట! పైగా అంకె పెద్దదైతే రియాక్షన్ కూడా తీవ్రంగా వస్తుందని లెక్క కట్టలేం.

వేకువ గారూ, ఎగ్జిమా ఉన్న పిల్లలు అలవాటుగా తింటున్నదాన్ని ఆపేస్తే, మళ్లీ మొదలుపెట్టినప్పుడు నిజమైన అలర్జీ బయటపడిన సందర్భాలున్నాయి. దయచేసి మీ అంతట మీరు ఆపకండి.

నీలిమేఘం: అయితే ఏం చేయమంటారు? తినిపించి చూడమంటారా? నా వల్ల కాదు.

చిగురు: ఇంట్లో అస్సలు వద్దు. ఆసుపత్రిలో, ఎపినెఫ్రిన్ (తీవ్రమైన రియాక్షన్‌కి ఇచ్చే ఇంజెక్షన్) దగ్గరుంచుకుని, కొద్దికొద్దిగా మోతాదు పెంచుతూ డాక్టర్లే తినిపిస్తారు. దాన్నే ఫుడ్ ఛాలెంజ్ అంటారు. తేల్చి చెప్పేది అదొక్కటే.

తీరం: రక్తపరీక్షని మరీ తీసిపారేయొద్దు. యాంటీహిస్టమిన్ (అలర్జీ మందు) ఆపలేనివాళ్లకి, ఒళ్లంతా ఎగ్జిమా ఉన్నవాళ్లకి చర్మం మీద గుచ్చి చూసే స్కిన్ టెస్ట్ కుదరదు, ఇదే దిక్కు. వేరుశనగలో అరా హెచ్ 2 అనే ప్రొటీన్‌కి విడిగా చూస్తే ఇంకా స్పష్టత వస్తుంది. నమ్మకూడనిది ఐజీజీ అనే వేరే యాంటీబాడీకి చేసే పరీక్ష. తిన్న ప్రతిదానికీ ఐజీజీ తయారవడం సహజం. అలర్జీ నిర్ధారణకి అది వద్దని యూరప్, అమెరికా అలర్జీ సంఘాలు ఎప్పుడో చెప్పాయి.

వేకువ: రిపోర్టు మళ్లీ తీసి చూశాను. గోధుమ 0.9, వేరుశనగ 4.2. పాలు, గుడ్డు, గోధుమ ఆపట్లేదు. వేరుశనగ మాత్రం డాక్టర్ చెప్పేదాకా పెట్టను. ఛాలెంజ్ గురించి సోమవారం అడుగుతున్నాం.