నేతిబీర విత్తనం కలవకుండా ఎలా తీసుకోవాలి?

విజయవాడ సత్యనారాయణపురంలో మేడ మీద కుండీల్లో కూరగాయలు పెంచుతున్నామండీ. అత్తయ్యగారు ఊరినుంచి పంపిన నాటు నేతిబీర ఈసారి బాగా కాసింది. మా బజార్లో ఈ కాయ ఎప్పుడో గానీ కనపడదు. లేతగా కోసి, నూనెలో మగ్గించి, నువ్వులు, పచ్చిమిర్చి, కాస్త చింతపండుతో రోట్లో నూరితే వేడన్నంలోకి ఇంకేమీ అక్కర్లేదు. అందుకే విత్తనం పోగొట్టుకోకూడదని పట్టుదల.

టెన్షనల్లా ఏంటంటే, అదే పందిరికి మామూలు బీర కూడా పాకింది. నేతిబీర పూలు తెల్లవారుజామున, బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. వేళలు వేరే కదా అని ఊరుకోవచ్చా? రెండూ దగ్గరి చుట్టాలే, కలిసే వీలుంది. ముందురోజు సాయంత్రమే ఆడమొగ్గకి (కింద పిందె ఉండేది), మగమొగ్గకి దారం కట్టి, పొద్దున్నే పుప్పొడి చేత్తో అద్దుదామనుకుంటున్నా. తర్వాత పూవుకి పలచని గుడ్డ సంచి మంచిదా, కాగితం సంచా? ఎన్నాళ్లుంచాలి?

ఇంకోటి. విత్తనపు కాయ తీగ మీదే ఎండి, ఊపితే గలగలలాడేదాకా ఆగాలంటారు. ఈ వానలకి కుళ్లిపోదూ? పసుపు తిరగగానే కోసి నీడన ఆరబెడితే మొలక వస్తుందా? చేసి చూసినవాళ్లు చెప్పండి.