కమ్యూనిటీ ట్యాంకులో సిక్లిడ్ పిల్లలు: అక్కడే వదలాలా, వేరు చెయ్యాలా?

వాల్తేరు_ట్యాంక్
ఎప్పుడూ తెగని గొడవే, ఈసారి ఒక్కచోట తేల్చుకుందాం. రకరకాల చేపలు కలిసుండే (కమ్యూనిటీ) ట్యాంకు, 4 అడుగులు (48×18×18 అంగుళాలు), రాళ్లూ ఇసుకా పోగా 220 లీటర్ల నీళ్లు. ఒక జత కన్విక్ట్‌లు, నాలుగు ఏంజెల్‌లు (ఈ రెండూ సిక్లిడ్ కుటుంబం చేపలే), ఎనిమిది టైగర్ బార్బ్‌లు, ఒక సక్కర్ (గాజుకి నోటితో అతుక్కునే చేప). కన్విక్ట్‌లు పూలకుండీలో గుడ్లు పెట్టాయి. ముట్టుకోవద్దని కొందరు, వెంటనే తీసెయ్యమని కొందరు. ఎవరి కారణాలు వాళ్లు చెప్పండి.

గాజువాక_సిక్లిడ్
ముట్టుకోవద్దు. పిల్లల్ని సాకడంలో కన్విక్ట్‌ని మించిన చేప అక్వేరియంలో లేదు. 27 డిగ్రీల్లో గుడ్లు మూడు రోజులకి పగులుతాయి. ఆ తర్వాత నాలుగైదు రోజులు పిల్లలు ఈదలేవు, కుప్పగా పడి తోక ఆడిస్తుంటాయి, అంతే. అప్పుడే తల్లి వాటిని నోట పెట్టుకుని ఒక గుంటలోంచి ఇంకో గుంటలోకి మారుస్తుంది. అది చూసి "అయ్యో, తినేస్తోంది" అని కంగారుపడి సైఫన్ పెట్టేవాళ్లే ఎక్కువ. ఈత మొదలయ్యాక తల్లీతండ్రీ రెక్కలతో ఇసుక రేపి, అందులోంచి లేచిన చెత్తా క్రిములూ పిల్లలకి అందిస్తాయి. ఎండిన బాదం ఆకు వేస్తే దాన్ని తిరగేసి మరీ పెడతాయి. మేత వేసే మన సిరంజి ఈ పని చెయ్యలేదు.

మధురవాడ_మలావి
అన్నా, మీరన్నది పిల్లల వైపు నుంచి నిజమే. ఏంజెల్‌ల సంగతేంటి? జత కన్విక్ట్‌లు పిల్లల్ని బయటికి తెచ్చిన రోజు నుంచి 4 అడుగుల ట్యాంకులో రెండున్నర అడుగులు వాటివే. ఏంజెల్‌లు పైమూల ఫిల్టర్ వెనక నిలబడిపోతాయి. తిండికి కిందికి దిగవు. రెక్కల అంచులు చిరుగుతాయి, ఆ చిరుగులకి బూజు పడుతుంది. ఇక్కడ ప్రమాదం పిల్లలకి కాదండీ, పక్కవాళ్లకి. కాబట్టి "పిల్లల్ని తియ్యాలా" అన్న ప్రశ్నే తప్పు. తియ్యాల్సింది జతని, పిల్లలతో సహా. రెండడుగుల ట్యాంకు, అంటే 24×12×15 అంగుళాలది, చాలు.

ఎంవీపీ_నీలిమ
జతని మారుస్తామంటే కుండీని నీళ్లలోనే పెద్ద గిన్నెలోకి ఎక్కించి, గుడ్లకి గాలి తగలకుండా తీసుకెళ్లాలి. తల్లీతండ్రిని అదే రోజు వలతో పట్టి అటు వెయ్యాలి. అయినా ఆ కంగారులో చాలా జతలు గుడ్లు తినేస్తాయి. కొన్నిసార్లు మగది ఆడదాని మీద పడి కొడుతుంది. పెద్ద ట్యాంకులో ఆ కోపం బార్బ్‌ల మీద పోయేది, రెండడుగుల ట్యాంకులో ఆడదానికి పారిపోయే చోటుండదు. అందుకే జతని కదపడం కన్నా ఏంజెల్‌లని కదపడం తేలిక. లేదంటే ట్యాంకు మధ్యలో డివైడర్: గళ్లు గళ్లుగా ఉండే తెల్లటి ప్లాస్టిక్ షీట్ (ఎగ్‌క్రేట్) కొలతకి కోసి, రెండు వైపులా సక్షన్ కప్పులు. ఈగల జాలీ కూడా కట్టకపోతే పిల్లలు గళ్లలోంచి అవతలికి పోతాయి, బార్బ్‌లకి పండగ.

ఇక అసలు విషయం. కమ్యూనిటీ ట్యాంకులో పిల్లలు మాయమైతే "ఎవరో తినేశారు" అని తేల్చేస్తారు. కొన్నిటిని తింటాయి, కాదనను. కానీ రెండో వారంలో తగ్గేవి చాలావరకు ఆకలితో పోయినవే. 220 లీటర్లలో చెంచాడు ఆర్టీమియా (చేపపిల్లలకి మేతగా వేసే బుల్లి ఉప్పునీటి రొయ్య) పిల్లలు వేస్తే పది నిమిషాల్లో సగం ఫిల్టర్లోకి పోతాయి, మిగతావి బార్బ్‌ల కడుపులోకి. సిక్లిడ్ పిల్లల పొట్టలు చూడండి: తిన్నవాటికి నారింజ రంగు చుక్క లాగ కనిపిస్తుంది, తిననివాటికి పొట్ట లోపలికి పోయి తల పెద్దదిగా కనిపిస్తుంది. అలా రెండు రోజులు కనిపించాయంటే ఆ పిల్లలు నిలవవు.

తినిపించే పద్ధతి: ఫిల్టర్ 15 నిమిషాలు ఆపండి. ముందు పెద్దవాటికి అవతలి మూల గుళికలు వేసి అటు మళ్లించండి. 20 మి.లీ. సిరంజికి అడుగున్నర ఎయిర్ ట్యూబు తగిలించి, గుంపు పైన రెండంగుళాల దూరం నుంచి మెల్లగా వదలండి. రోజుకి మూడు నాలుగుసార్లు. మళ్లీ ఫిల్టర్ వెయ్యడం మర్చిపోకూడదు, ఫోన్లో అలారం పెట్టుకోండి. ఫిల్టర్ నీళ్లు పీల్చే గొట్టానికి స్పాంజ్ తొడగకపోతే ఇదంతా దండగ.

గాజువాక_సిక్లిడ్
ఆకలి మాట ఒప్పుకుంటాను. కానీ సక్కర్‌ని వదిలేశారు. పగలు కన్విక్ట్‌లు దాన్ని దగ్గరికి రానివ్వవు. లైటు ఆర్పాక వాటికి కనపడదు, సక్కర్‌కి కళ్లతో పనిలేదు. తెల్లారేసరికి కుండీ ఖాళీ. పిల్లలు ఈదేదాకా మూలన చిన్న జీరో బల్బు వెలగనివ్వండి, లేదా సక్కర్‌ని బకెట్లోకి పంపండి, మూత పెట్టి, ఎయిర్ రాయి వేసి.

పెందుర్తి_బోరునీళ్లు
నాది వేరు చెయ్యాలన్న పక్షం. కన్విక్ట్‌కి కాదు, ఏంజెల్‌కి. ఏంజెల్ జతలు, ముఖ్యంగా కుర్రజతలు, మొదటి రెండు మూడుసార్లు గుడ్లు తినేస్తాయి. కమ్యూనిటీ ట్యాంకులో అయితే ఆ తర్వాతా అంతే, ఎందుకంటే చుట్టూ కదిలే ప్రతి చేపా వాటికి శత్రువే. అందుకని:

2 అంగుళాల పీవీసీ పైపు ముక్కని వాలుగా నిలబెట్టాలి, లేదా కడప రాయి పలక. గుడ్లు పెట్టి, వాటి మీద తండ్రి పాలు (వీర్యం) పోశాక, నాలుగైదు గంటలు ఆగి, పలకతో సహా 10 లీటర్ల గాజు తొట్టిలోకి, అదే ట్యాంకు నీళ్లలోకి మార్చాలి. 1 శాతం మిథిలిన్ బ్లూ 2 మి.లీ. కలపాలి. ఎయిర్ రాయి బుడగలు గుడ్ల పక్కనుంచి పోవాలి, గుడ్లకి కొట్టకూడదు. 28 డిగ్రీల్లో రెండున్నర రోజులకి పగులుతాయి, ఇంకో అయిదు రోజులకి ఈదుతాయి. తెల్లబడ్డ గుడ్లని డ్రాపర్‌తో రోజూ ఏరెయ్యాలి, లేకపోతే బూజు పక్క గుడ్లకి పాకుతుంది. ఈదేలోపు నీళ్లు కొంచెం కొంచెం మారుస్తూ నీలం పోగొట్టాలి. ఈ మందు మాత్రం పెద్ద ట్యాంకులో వెయ్యొద్దు, ఫిల్టర్లో బ్యాక్టీరియా చస్తుంది, సిలికాన్ అంచులు నీలంగా ఉండిపోతాయి.

మధురవాడ_మలావి
కడప రాయి సున్నపురాయి జాతి. వెనిగర్ చుక్క వేసి చూడండి, నురగ వస్తుంది. గట్టి నీళ్లు కావాల్సిన మలావి (ఆఫ్రికా సరస్సు) చేపల ట్యాంకుకి బంగారం. మెత్తటి (సున్నం లాంటి లవణాలు తక్కువున్న) నీళ్లలో ఉంచే ఏంజెల్ ట్యాంకులో శాశ్వతంగా పడేస్తే గట్టిదనం మెల్లగా పెరుగుతుంది. పీవీసీయే మేలు, లేకపోతే వెనకవైపు గరుకుగా ఉండే టైలు.

ఇంకో మాట. మీ పేరులోనే బోరు ఉంది కాబట్టి అంటున్నాను: బోరు నీళ్ల పీహెచ్ 8 దాకా ఉంటే, చిన్న తొట్టిలో అమ్మోనియా సంగతి జాగ్రత్త. పీహెచ్ 7 నుంచి 8కి వెళ్తే అదే అమ్మోనియాలో విషపు భాగం దాదాపు పది రెట్లవుతుంది. 10 లీటర్లలో 200 పిల్లలు, ఆపైన ఉడికిన గుడ్డు సొన! ఆ సొన పని మానండి దయచేసి. సాయంత్రానికి నీళ్లు పాలరంగులోకి వస్తాయి, పొద్దున్నకి సగం పిల్లలు అడుగున ఉంటాయి.

పెందుర్తి_బోరునీళ్లు
సొన సంగతి నేనెక్కడా అనలేదే! తొట్టి గుడ్లకే. ఈత మొదలైన రోజు 40 లీటర్ల ట్యాంకులోకి పోతాయి, అందులో నెల ముందు నుంచి పెద్ద ట్యాంకులో నానిన స్పాంజ్ ఫిల్టర్ ఉంటుంది. రోజూ 20 శాతం నీళ్లు మార్చాలి. కొత్త నీళ్లు ఒక రోజు ఎయిర్ వేసి నిలవ ఉంచినవి.

ఎంవీపీ_నీలిమ
కొళాయి నీళ్లకీ అదే పద్ధతి. క్లోరిన్ వాసన గట్టిగా ఉన్న రోజు హైపో (క్లోరిన్ పోగొట్టే మందు) వెయ్యండి, వాసన లేదని నమ్మి నేరుగా పొయ్యొద్దు. హీటర్ మాట ఎవరూ ఎత్తలేదు. మన వైజాగ్‌లో డిసెంబరు, జనవరి రాత్రుల్లో తప్ప పెద్దగా అక్కర్లేదు. మేలో తలనొప్పి తిరగబడుతుంది: నీళ్లు 31, 32 దాకా పోతాయి, ఆక్సిజన్ తగ్గుతుంది. అప్పుడు పిల్లలు పైకొచ్చి గుటకలు వేస్తుంటే తిండి తగ్గించి గాలి పెంచాలి. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు లేకుండా పిల్లల ట్యాంకు పెట్టడమే తప్పు. 2014లో హుద్‌హుద్ తుపానుకి కరెంటు ఎన్ని రోజులు పోయిందో ఈ ఊరివాళ్లకి చెప్పనక్కర్లేదు.

మధురవాడ_మలావి
నోట్లో గుడ్లు మోసే జాతులకి లెక్క వేరు. ఎల్లో ల్యాబ్ (ఒక మలావి సిక్లిడ్) ఆడది మూడు నుంచి నాలుగు వారాలు నోరు మూసుకుని, తినకుండా మోస్తుంది. వదిలేటప్పటికి ఒక్కో పిల్ల సెంటీమీటరుకి దగ్గర్లో ఉంటుంది, నలిపిన గుళిక నేరుగా తింటుంది. వీటికి "అక్కడే వదలండి" అన్నది నా మాట, రాళ్లు సరిగ్గా పేరిస్తే. పెద్ద రాళ్ల కింద గుప్పెడు గుప్పెడు గులకరాళ్లు కుప్పలు పొయ్యండి, వేలు దూరని సందులుండాలి. ఒక్కో విడతకి రెండో మూడో బతుకుతాయి. ట్యాంకు మోయగలిగిందీ అంతే.

అన్నీ కావాలంటే 18వ రోజు తర్వాత నోరు తెరిపించాలి: తడి చేత్తో పట్టుకుని, తల కిందికి ఉంచి, ట్యాంకు నీళ్ల గిన్నె మీద, మొన లేని ప్లాస్టిక్ పుల్లతో కింది దవడ మెల్లగా నొక్కాలి. పిల్లల పొట్ట కింద పసుపు సంచి (సొన) ఇంకా ఉంటే టంబ్లర్ (నీళ్ల కదలికలో వాటిని మెల్లగా దొర్లించే గొట్టం) కావాలి. తల్లిని వారం విడిగా మేపి తర్వాతే తిరిగి వెయ్యండి. ఒకే ట్యాంకులో రెండు మూడు మ్బునా (రాళ్ల మధ్య బతికే మలావి సిక్లిడ్) జాతులుంటే ఆ పిల్లల్ని ఏ పేరుతోనూ అమ్మొద్దు, సంకరం అయ్యుండొచ్చు.

వాల్తేరు_ట్యాంక్
బాగుంది. రెండు వందల కన్విక్ట్‌లు బతికాయనుకుందాం. తర్వాత? షాపులవాళ్లు ఊరికే ఇచ్చినా వద్దంటారు.

గాజువాక_సిక్లిడ్
అందుకే వదిలెయ్యమన్నది. బార్బ్‌లు తిన్నన్ని తింటాయి, పది పదిహేను మిగుల్తాయి.

ఎంవీపీ_నీలిమ
అది పెంపకం కాదు, బార్బ్‌లకి మేత. కావాల్సినవి ముప్పై ఉంచుకుని మిగతావి తోకాడించే దశలోనే తీసెయ్యడం నయం. లేదా ఆడదాన్నీ మగదాన్నీ విడదియ్యండి. ముడసర్లోవలోనో మేఘాద్రిగెడ్డలోనో వదలడం మాత్రం జరగకూడదు, మనం తాగే నీళ్ల చెరువులవి. 1952లో దేశంలోకి తెచ్చిన మొజాంబిక్ తిలాపియా, అదీ నోట్లో గుడ్లు మోసే సిక్లిడ్డే, ఇవాళ ఏ చెరువులో లేదు?

పెందుర్తి_బోరునీళ్లు
ఈ చివరి మాట మాత్రం రెండు చేతులూ ఎత్తి ఒప్పుకుంటాను. నీలిమ గారూ, ఆర్టీమియా పొదిగించడానికి సముద్రం నీళ్లు వాడొచ్చా? అక్టోబరులో ఉప్పదనం తగ్గుతుందంటారు.

ఎంవీపీ_నీలిమ
తగ్గుతుంది, వానల వరదనీళ్లు ఒడ్డు వెంబడి వస్తాయి కాబట్టి. అయినా ఫరవాలేదు, లీటరుకి 25 గ్రాముల ఉప్పు ఉంటే చాలు. హైడ్రోమీటర్ (ఉప్పదనం కొలిచేది) అంతకన్నా తక్కువ చూపిస్తే లీటరుకి ఒక చెంచా కల్లుప్పు కలపండి. రుషికొండ వైపు నీళ్లు పట్టి పల్చటి బట్టతో వడకట్టాలి. ఫిషింగ్ హార్బర్ నీళ్లు వద్దు, డీజిల్ తేలుతుంది. బోర్లించిన లీటరు సీసా, 2 గ్రాముల గుడ్లు, అడుగు నుంచి గట్టిగా గాలి, 28 డిగ్రీలు, పైన లైటు. 24 గంటలయ్యాక గాలి ఆపి, పైన గుడ్డ కప్పి, సీసా అడుగున టార్చి పెట్టండి: పెంకులు పైకి తేలతాయి, పిల్లలు వెలుగుకి కిందికి దిగుతాయి. ట్యూబుతో కిందివే లాగి, మంచినీళ్లలో కడిగి, వెంటనే వేసెయ్యండి. ఆరేడు గంటలు నిలవ ఉంచితే వాటి సొన అవే తినేస్తాయి, మన పిల్లలకి ఉత్త పొట్టు మిగుల్తుంది.