సీఐఎన్-2కి కోత లేకుండా మందులు వచ్చాయా?

వెన్నెల:
పాప్ స్మియర్‌లో (గర్భాశయ ముఖద్వారం కణాల పరీక్ష) తేడా కనిపించిందని కాల్పోస్కోపీ (ఆ చోటును పెద్దదిగా చేసి చూసే పరీక్ష) చేసి బయాప్సీకి చిన్న ముక్క తీశారు. సీఐఎన్-2 (అక్కడి కణాల్లో మధ్యస్థాయి మార్పులు), ఆ మార్పులు తెచ్చే వైరస్ హెచ్‌పీవీ 16 పాజిటివ్ అని వచ్చింది. క్యాన్సర్ కాదు, దానికి ముందు వచ్చే మార్పులన్నారు డాక్టరు గారు. లీప్ (మార్పు వచ్చిన భాగాన్ని తీసేయడం) చేయించుకోవచ్చట, లేదా కొన్నాళ్లు పరీక్షలు చేయించుకుంటూ ఆగొచ్చట. నాకింకా పిల్లలు లేరు. గర్భాశయ ముఖద్వారంలో ముక్క తీస్తే నెలలు నిండకముందే కాన్పయ్యే ప్రమాదం ఉందని చదివినప్పటి నుంచి ఒకటే టెన్షన్. మందులు, వ్యాక్సిన్లు తయారవుతున్నాయంటున్నారు. వాటికోసం ఆగొచ్చా?

ట్రయల్స్ నర్సు:
వెన్నెల గారూ, నేను క్లినికల్ ట్రయల్స్‌లో నర్సుని. మందుల మీద పని జోరుగానే సాగుతోంది. కానీ ఇప్పటికీ ప్రధాన చికిత్స ఆ భాగాన్ని తీసేయడమో, వేడితోనో చలితోనో నాశనం చేయడమో.

ఇక్కడ పెద్ద చిక్కు, మందు పనిచేసిందని తేల్చడం. సీఐఎన్-2 ఏ చికిత్సా లేకుండానే రెండేళ్లలో సుమారు సగం మందికి తగ్గిపోతుంది. ముప్పై లోపు వాళ్లలో ఇంకాస్త ఎక్కువ. అందుకే ఫలానా మందుతో ఇంతమందికి నయమైందని ఎవరైనా చెబితే, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లలో ఎంతమందికి తగ్గిందని ముందు అడుగుతాను. పులిపిర్లకు వాడే ఇమిక్విమోడ్‌నే తీసుకోండి. 2012లో వియన్నా పరిశోధకులు సీఐఎన్-2, అంతకంటే తీవ్రమైన సీఐఎన్-3 ఉన్న 59 మందిపై జరిపిన ట్రయల్ ఫలితాలు ప్రచురించారు. మందు వాడినవాళ్లలో 73 శాతం మందికి మార్పులు వెనక్కి తగ్గాయి, ఉత్తుత్తి మందు వాడినవాళ్లలో 39 శాతం మందికి. ఆ తేడాయే అసలు ఫలితం.

మలేరియా మందు ఆర్టిసునేట్‌ను యోనిలో పెట్టుకునేలా తయారుచేసి చూశారు. 28 మందిలో 19 మందికి తగ్గింది. ఇంట్లోనే వాడుకోగలిగే మందు కాబట్టి దీని మీద నాకు చాలా ఆశ. అయితే ఆ 2020 అధ్యయనంలో పోల్చి చూడటానికి ఉత్తుత్తి మందు గుంపు లేదు.

చికిత్స కోసం తయారుచేసే వ్యాక్సిన్ల దారి వేరు. హెచ్‌పీవీ తయారుచేసే ఈ6, ఈ7 ప్రొటీన్ల వల్లే కణం అదుపు తప్పుతుంది. మన కణాలకు అవి సొంతం కావు కాబట్టి, వాటిని గుర్తుపట్టి ఆ కణాలను చంపేలా టీ-కణాలను (రోగనిరోధక కణాలు) తయారుచేయాలని ప్రయత్నం. వీజీఎక్స్-3100 అనే డీఎన్ఏ వ్యాక్సిన్‌తో ట్రయల్స్ రెండో దశలో 49.5 శాతం మందికి తగ్గింది, ఉత్తుత్తి మందుతో 30.6 శాతం మందికి. ఎంత సంతోషించామో! కానీ మూడో దశలోని రెండో ట్రయల్ ప్రధాన లక్ష్యాన్ని అందుకోలేదని 2023లో తేలింది.

సుమ:
నాకు లీప్ చేశారు. ఆ చోటుకే మత్తిచ్చి సన్నటి తీగతో తీశారు, కాసేపట్లో అయిపోయింది. తర్వాత పాప నెలలు నిండాకే పుట్టింది. అందరికీ ఇలాగే అవుతుందని చెప్పలేను. ఎంత లోతుగా తీస్తే ముప్పు అంత పెరుగుతుందట. మీ డాక్టరు గారిని ఆ లోతు గురించి తప్పకుండా అడగండి.

వెన్నెల:
థాంక్స్ సుమ గారూ. నర్సు గారూ, ఆ ఇమిక్విమోడ్ కొనుక్కుని వాడితే? మామూలు హెచ్‌పీవీ వ్యాక్సిన్ ఇప్పుడు వేయించుకుంటే?

ట్రయల్స్ నర్సు:
సొంతంగా మాత్రం వద్దమ్మా. బయట పూసే క్రీమును లోపల వాడితే పుండ్లు పడొచ్చు. ఇంకో సంగతి, లీప్‌లో తీసిన ముక్క మొత్తాన్ని ల్యాబ్‌లో చూస్తారు, ఎక్కడైనా క్యాన్సర్ దాగి ఉంటే బయటపడుతుంది. మందు వాడితే ఆ ముక్క ఉండదు. అందుకే ట్రయల్స్‌లో మాటిమాటికీ కాల్పోస్కోపీ, బయాప్సీ చేస్తాం. మామూలు వ్యాక్సిన్ కొత్త ఇన్ఫెక్షన్లను ఆపుతుంది, ఉన్న మార్పులను తగ్గించదు.

మందు కోసం ఆగకండి. సీఐఎన్-2 దానంతట అదే తగ్గే అవకాశం ఉంది కాబట్టి, పరీక్షలకు క్రమం తప్పకుండా వెళ్లగలనంటే ఆగండి. మార్పు వచ్చిన చోటంతా కాల్పోస్కోపీలో పూర్తిగా కనిపించిందా అని డాక్టరు గారిని అడగండి. కనిపించలేదంటే ఆగడం మంచిది కాదు. సీఐఎన్-3కి మారితే ఇక చికిత్స వాయిదా వేయొద్దు. మీకు దగ్గర్లో ట్రయల్ ఏదైనా జరుగుతోందా అన్నదీ డాక్టరు గారిని ఇప్పుడే అడగండి.