సినిమా నటుల మీద పోస్టల్ స్టాంపు: పోయిన వెంటనే వేయాలా, ఆగాలా?

తెనాలి అభిమాని:
శివాజీ గణేశన్ గారు 2001 జులైలో పోతే అదే ఏడాది అక్టోబరులో స్టాంపు వేశారు. మన సావిత్రమ్మకి మాత్రం 29 ఏళ్లు పట్టింది. ఆమెను చూసి పెరిగినవాళ్లు వెళ్లిపోయాక వేస్తే ఎవరి కోసమండీ?

రాజమండ్రి పాఠకుడు:
అసలు సినిమావాళ్లకి ఎందుకు? కటౌట్లు, విగ్రహాలు ఉండనే ఉన్నాయి. ఆ చోటు ఓ శాస్త్రవేత్తకిస్తే పిల్లలకి కొత్త పేరు తెలుస్తుంది.

అబిడ్స్ సేకర్త:
రాజమండ్రి గారూ, కటౌట్లు హీరోలకి. 2013 మే 3న, భారతీయ సినిమాకి నూరేళ్లు నిండాయని ఒకేసారి 50 మంది మీద స్టాంపులు వేశారు. భానుమతి గారితో పాటు ఎస్వీ రంగారావు, అల్లు రామలింగయ్య గార్లు అందులో ఉన్నారు. ఒక క్యారెక్టర్ నటుడికి, ఒక హాస్యనటుడికి దేశం మొత్తం మీద దక్కిన గౌరవం అది. వద్దని ఎలా అంటాం?

తెనాలి అన్నా, తొందర మాత్రం నాకు నచ్చదు. పోయిన బాధలో ఎవరైనా గొప్పవాళ్లే అనిపిస్తారు. సావిత్రి గారి స్టాంపు 2011 ఫిబ్రవరి 13న వచ్చింది. మీ పక్కనున్న చిర్రావూరు ఆడపడుచు సావిత్రి గారు, దేవికారాణి, కానన్ దేవి, మీనాకుమారి, నూతన్, లీలా నాయుడుల సరసన నిలిచింది. అన్నేళ్ల తర్వాత కూడా ఆ వరసలో ఆమె ఉండాల్సిందేనని ఎవర్నడిగినా చెబుతారు. ఆ నిలకడ తేలడానికే వ్యవధి కావాలి.

నా బాధ వేరే. ఆ అయిదు రూపాయల స్టాంపు చేతిలోకి తీసుకుని చూడండి. పేరు హిందీలో ఉంది, ఇంగ్లీషులో ఉంది. తెలుగులో లేదు! అడగాల్సింది ఇది.

ఇంకోటి, ‘మా హీరోకి స్టాంపు వేశారు’ అంటూ వాట్సాప్‌లో ఏదైనా వస్తే అది ‘మై స్టాంప్’ కాదు కదా అని చూసుకోండి. అది డబ్బు కట్టి ఎవరి ఫొటోతోనైనా వేయించుకునే షీటు. స్మారక స్టాంపు వేరు, అది ప్రభుత్వం నిర్ణయించి వేసేది.

తెనాలి అభిమాని:
తెలుగులో పేరుండాలన్నది వంద శాతం నిజం. కానీ ఎన్టీఆర్ గారు 1996లో పోయారు, స్టాంపు 2000లోనే వచ్చింది. తొందరపడ్డారని ఎవరైనా అన్నారా?

అబిడ్స్ సేకర్త:
ఆయన ముఖ్యమంత్రిగా కూడా చేశారు, ఆ లెక్క వేరు. నటన ఒక్కటే చూసేటప్పుడు కనీసం పదేళ్లు ఆగాలంటాను.

తెనాలి అభిమాని:
పదేళ్లంటే సరే. 29 అంటే మాత్రం ఒప్పుకోను.