సాంద్రత నుంచి మోలార్ ద్రవ్యరాశి: లైటర్‌లోని బ్యూటేన్‌కు 58 ఎందుకు రావడం లేదు?

రసాయన జిజ్ఞాసి:
సిగరెట్ లైటర్‌ను నీటిలో ముంచి, దానిలోని వాయువును నీరు నింపి బోర్లించిన జాడీలో 100 మి.లీ. సేకరించాను. లైటర్ బరువు 0.172 గ్రాములు తగ్గింది కాబట్టి సాంద్రత లీటరుకు 1.72 గ్రాములు. దాన్ని 22.4తో గుణిస్తే మోలార్ ద్రవ్యరాశి (ఒక మోల్ వాయువు ద్రవ్యరాశి, గ్రాముల్లో) 38.5 వచ్చింది. బ్యూటేన్‌కు 58 రావాలి కదా? గది ఉష్ణోగ్రత 30 డిగ్రీల సెల్సియస్, పీడనం 752 మి.మీ.

ప్రయోగశాల మిత్రుడు:
ఒక మోల్ వాయువు ఘనపరిమాణం 22.4 లీటర్లన్నది 0 డిగ్రీల సెల్సియస్, 1 అట్మాస్ఫియర్ వద్ద మాత్రమే చెల్లుతుంది; మీ గదిలో సాంద్రతను R (వాయు స్థిరాంకం), T (కెల్విన్‌లలో ఉష్ణోగ్రత) లతో గుణించి P (అట్మాస్ఫియర్లలో పీడనం) తో భాగించాలి. పైగా జాడీలో వాయువుతో పాటు నీటి ఆవిరి కూడా ఉంటుంది కనుక, 30 డిగ్రీల వద్ద నీటి బాష్పపీడనమైన 31.8 మి.మీ.ను తీసివేసి, 720.2 మి.మీ.నే లెక్కలో వాడాలి. R విలువ 0.0821, T విలువ 303, P విలువ 720.2/760 వేసి చూశాను, 45.2 వచ్చింది. ఇంకా 13 తక్కువే ఉంది కాబట్టి లోపం తూకంలో ఉండవచ్చు.

పాత అధ్యాపకుడు:
లైటర్‌ను నీటిలోంచి తీశాక పూర్తిగా ఆరబెట్టారా? ఒక నీటి చుక్క దాదాపు 0.05 గ్రాములు ఉంటుంది. అది చక్రం సందులో నిలిచిపోతే బరువు తగ్గుదల ఆ మేరకు తక్కువగా కనిపిస్తుంది. మీ 0.172కు 0.05 కలిపితే 0.222 అవుతుంది, లెక్క 58.3కు చేరుతుంది. మా తరగతిలో ఈ పొరపాటు ఏటా ఎదురయ్యేది. చివరికి మొదటి తూకానికి ముందే లైటర్‌ను ఒకసారి నీటిలో ముంచి, తుడిచి తూచడం అలవాటు చేశాము. అప్పుడు మిగిలే తడి రెండు తూకాల్లోనూ దాదాపు సమానంగా ఉండి, తీసివేతలో పోతుంది.

వాయు విద్యార్థి:
మరొక మాట. సాంద్రత చెప్పేది సగటు మాత్రమే. లైటర్‌లో ప్రొపేన్ కొంత కలిసి ఉంటే దాని 44 వల్ల ఫలితం 58 కన్నా కిందికి దిగుతుంది. ఐసోబ్యూటేన్ ఉంటే తేడాయే తెలియదు, ఎందుకంటే దాని ద్రవ్యరాశీ అంతే. గాలి నుంచి తీసిన నైట్రోజన్ లీటరుకు 1.257 గ్రాములుగా, రసాయన సమ్మేళనాల నుంచి తీసినది 1.251గా తూగినప్పుడు, బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త రేలీ ఆ చిన్న తేడాను తూకపు లోపంగా కొట్టిపారేయలేదు. రసాయన శాస్త్రవేత్త రామ్సేతో కలిసి ఆ తేడా వెనుక గాలిలోని ఆర్గాన్ అనే వాయువు ఉందని 1894లో వెల్లడించారు. అందుకే మిగిలే తేడాను నమోదు చేయండి, సరిపెట్టకండి.

రసాయన జిజ్ఞాసి:
ముందే ముంచి, తుడిచి మళ్లీ చేశాను. అదే ఉష్ణోగ్రత, అదే పీడనం, తగ్గుదల 0.219 గ్రాములు, ఫలితం 57.5. నోట్‌బుక్‌లో అలాగే రాసుకున్నాను. అందరికీ కృతజ్ఞతలు.