‘దోర’ అంటే సగం పండినదేనా?

ప్రశ్న: నిఘంటువుల్లో ‘దోర’కు సగం పండినది అనే అర్థం కనిపిస్తుంది. పల్లీలు దోరగా వేయించమంటే సగమే వేగితే చాలని కాదు కదా. మరి దోరకాయను సగం పచ్చిది అనుకోవాలా? వరంగల్ వైపు ఈ మాటను ఎలా వాడతారో ఎవరైనా చెప్పగలరా?

జవాబు: అక్కా, చిక్కంతా ఆ ‘సగం’తోనే వస్తోంది. సగం అనగానే ఇంకా ఏదో లోటు ఉందని తోస్తుంది. దోరకాయలో లోటు లేదు. చెట్టు ఇవ్వవలసిందంతా ఇచ్చేసింది, రంగు తిరగడం మొదలైంది, గట్టితనం మాత్రం ఇంకా వదలలేదు. పిందె, లేతకాయ, ముదురుకాయ, దోరకాయ, పండు, మిగలపండు అని మనవాళ్ళు వరుస పెట్టుకున్నారంటే దోరకు తనదంటూ ఒక చోటు ఉన్నట్టే.

ఈ మాట విలువ తెలియాలంటే బతుకమ్మ రోజుల్లో హనుమకొండలో సీతాఫలాల గంపల దగ్గర ఆగి చూడండి. గుట్టల మీద, చెలకల గట్ల మీద కాసిన కాయ అది. గంప ముందు కూర్చున్న అవ్వ ధర చెప్పే ముందే ‘ఇవాళ తింటారా, ఎల్లుండికా?’ అని అడుగుతుంది. ఎల్లుండికి అన్నామంటే ఆమె చేయి దోరకాయల మీదికి పోతుంది. మరి దోర అని ఆమెకు ఎలా తెలుస్తుంది? కళ్ళను బట్టి. సీతాఫలం మీద ఉబ్బెత్తుగా ఉండే ఒక్కో బొడిపెను కన్ను అంటారు. లేతకాయలో కళ్ళు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. నడుమ సన్నని గీత తప్ప మరేమీ కనబడదు, అదీ ఆకుపచ్చగానే. కాయ పక్వానికి వచ్చేకొద్దీ కళ్ళు ఎడమై, ఆ సందుల్లో వెన్నరంగు, లేతపసుపు బయటపడతాయి. ‘కన్ను విచ్చింది’ అనేది దీన్నే.

కన్ను విచ్చాక కోసిన కాయ చేతికి రాయిలా తగిలినా ఇంట్లో రెండు మూడు రోజుల్లో మాగుతుంది. విచ్చకముందే కోసిన కాయను బియ్యం డబ్బాలో ఎన్ని రోజులు దాచినా తొక్క నల్లబడి లోపల బిగుసుకుపోతుంది తప్ప తీపెక్కదు. పట్టుకుంటే రెండూ ఒకేలా గట్టిగా ఉంటాయి, కానీ ఒకటి దోర, ఒకటి పచ్చి. ‘సగం పండినది’ అనే అర్థం ఈ తేడాను పట్టుకోలేదు. నా అభ్యంతరం అదే.

ఇంకో మాట కూడా చెప్పాలి. బొటనవేలితో నొక్కి చూసే అలవాటును దయచేసి మానుకోండి. నొక్కినచోట కాయ కమిలి, మాగేసరికి నల్లబడుతుంది. మనం వదిలేసిన ఆ కాయను కొన్నవారికి, అమ్మిన అవ్వకు నష్టం. దోర సీతాఫలాన్ని ఫ్రిజ్‌లో కూడా పెట్టకూడదు. చలికి మాగడం ఆగిపోయి తొక్క నల్లబడుతుంది. పండాక అయితే ఒకటి రెండు రోజులు పెట్టుకోవచ్చు.

వ్యాఖ్య: మామిడికి కూడా ఇదే లెక్కా అన్నా? మార్కెట్లో పసుపుపచ్చగా మెరుస్తున్న కాయ కొంటే లోపల పుల్లగా ఉంటోంది.

జవాబు: అదే లెక్క తమ్ముడూ. జగిత్యాల దగ్గరి చల్‌గల్ మార్కెట్ నుంచి ఢిల్లీ వైపు లారీలెక్కే మామిడిని చూడు, అది పండు కాదు. టెంక ముదిరి, తొడిమకు అటూ ఇటూ భుజాలు నిండిన కాయ. అలాంటి కాయను వరిగడ్డిలో పెడితే తాను విడిచే ఇథిలీన్ వాయువుతో తానే మాగుతుంది. టెంక కూడా ముదరని కాయకు కార్బైడ్ పెడితే తొక్క పసుపెక్కుతుంది, కండ పుల్లగానే ఉంటుంది. దాన్ని ‘పండింది’ అనకూడదు, ‘రంగెక్కింది’ అనాలి. కార్బైడ్‌తో మాగబెట్టడాన్ని 2011 నాటి ఆహార భద్రత నిబంధనలు నిషేధించాయి. కొనేటప్పుడు రంగు కన్నా ముందు తొడిమ దగ్గర వాసన చూడు, భుజాలు చూడు.

వ్యాఖ్య: మాకు దోరజామ అంటే ఉప్పూ కారం అద్దుకుని అప్పటికప్పుడు తినేది. దాన్ని ఎవరూ మాగబెట్టరు. మా అమ్మమ్మ దోర నేరేడు అని కూడా అనేది. నేరేడు కోశాక మాగదు కదండీ!

జవాబు: మాగదండీ. మీరు చెప్పిన ఈ రెండూ చాలా విలువైన ఉదాహరణలు. సీతాఫలంలో దోర కొనవలసిన దశ, జామలో తినవలసిన దశ. ముదురాకుపచ్చ తగ్గి లేతాకుపచ్చకు తిరిగిన జామలో వగరు తగ్గుతుంది, కరకర మాత్రం అలాగే ఉంటుంది. జామను ఇష్టపడేవారిలో చాలామందికి పండు కన్నా ఇదే ముద్దు. అన్నిటినీ కలిపి చూస్తే దోరలో మూలమైన భావం రంగు తిరగడమే అనిపిస్తోంది. ఎర్రబారి ఇంకా నలుపెక్కని నేరేడు, పసుపు తిరిగిన రేగు, మూకుడులో ఎరుపు తిరిగిన పల్లీ, అన్నీ దోరే. మాడకముందు ఆపిన వేపుడుకు, మెత్తబడకముందు కోసిన కాయకు ఒకే మాట సరిపోవడం అందుకే. ‘దోరవయసు’ అనడంలోనూ ఇదే భావం ఉంది.

పుచ్చకాయకు దోర అనే మాట వాడగా నేను వినలేదు. పై రంగు చూసి దాని పక్వం చెప్పలేం. నేలకు ఆనిన చోట మచ్చ తెల్లగా ఉందా, పసుపు తిరిగిందా అని బోర్లించి చూసుకోవాలి. కోశాక అది తీపెక్కేదీ లేదు. ద్రాక్షకూ అంతే, పుల్లటి గుత్తి కొని ఇంట్లో ఎన్నాళ్ళుంచినా తియ్యబడదు.

ములుగు, ఏటూరునాగారం వైపు సభ్యులు ఎవరైనా ఉంటే తునికి, మొర్రి పండ్ల సంగతి రాయండి. ఎండాకాలంలో అడవి నుంచి వచ్చే ఆ పండ్లకు అక్కడ దోర అనే అంటారా, వేరే మాట ఉందా? ఉంటే ఏ దశకు వాడతారో కూడా చెప్పండి.