ఫుట్‌బాల్ కౌంటీల్లో హర్లింగ్ ఎందుకు వెనకబడింది?

ప్రశ్న: ఐర్లండ్‌లో కెర్రీ, మేయో, డోనెగల్ లాంటి కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) గేలిక్ ఫుట్‌బాల్‌దే రాజ్యం, అంటే చేతులతోనూ ఆడే ఐరిష్ ఫుట్‌బాల్‌ది. కర్రతో బంతిని కొట్టే ఐరిష్ ఆట హర్లింగ్‌లో 1891లో కెర్రీ ఆల్ ఐర్లండ్ (కౌంటీల మధ్య జాతీయ టైటిల్) గెలిచింది కదా, మరి ఇప్పుడిలా ఎందుకు? పిల్లలకు నేర్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలండీ?

జవాబు 1: రెండు ఆటలకూ పిల్లలు వాళ్లే, మైదానం అదే, సాయంత్రాలూ అవే. ఫుట్‌బాల్ మ్యాచ్ పడగానే హర్లింగ్ ప్రాక్టీసు ఎగిరిపోతుంది. ఈ ఆటకు చిన్నప్పుడే కర్ర చేతికి అలవాటు పడాలి, ఆలస్యమైతే కష్టం. కెర్రీలోనే ట్రాలీ పట్టణానికి ఉత్తరాన లిక్స్‌నా, బల్లీడఫ్, కాజ్‌వే ఊళ్లలో తరాలుగా ఆడుతున్నారు కాబట్టే అక్కడ నిలిచింది.

జవాబు 2: ముందు కర్ర కొలత చూడండి. పక్కన నిలబెడితే పైకొస తుంటి ఎముక దాకా రావాలి. ఎదుగుతాడు కదా అని పొడవుది కొంటే మణికట్టు తిరగదు, బంతి నేల వదలదు. కుడిచేతి వాటమైతే కుడిచెయ్యే పైన ఉండాలి. ఎక్కువమంది చేతులు తారుమారు చేసి పట్టుకుంటారు, మొదటి వారంలోనే సరిదిద్దండి. అసలు బంతి 110–120 గ్రాములు, గట్టిది. చిన్నవాళ్లకు మెత్తటిదివ్వండి, లేకపోతే భయంతో కళ్లు మూసుకుంటారు. రోజూ పది నిమిషాలు బంతిని కుడి, ఎడమ రెండు వైపుల నుంచీ గోడకు కొట్టించండి. హెల్మెట్ తప్పనిసరి.

జవాబు 3: క్లబ్బులు తక్కువైతే ఏడాదంతా అవే జట్లు తలపడతాయి, పిల్లలకు విసుగొస్తుంది. పక్క కౌంటీ జట్లతోనూ ఆడించండి. వారంలో ఒక రోజు హర్లింగ్‌కే అని సీజన్‌కు ముందే ఫుట్‌బాల్ కోచ్‌తో ఖాయం చేసుకోండి.